‘ఏదో మిస్సయింది’: సటీకా తాత్పర్యము

అవతారిక

ఔత్సాహిక ఫొటోగ్రాఫర్ల నెలవారీ సమావేశంలో గోడమీద ఒక్కో ఫొటో వేసి చూపిస్తూ ఉంటే, ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు సలహాలు సెలవిస్తూ ఉంటారు. ఊరేదైనా సంఘమేదైనా ఆ పెద్దాయన ఉంటారు, ఆ సలహాలూ ఉంటాయి. వాటికి ఇంతవరకు వ్యాఖ్యానం లేదు. వేదానికి భాష్యం ఉంది, సుమతీ శతకానికి టీక ఉంది, రైల్వే టైంటేబులుకు కూడా గుర్తుల వివరణ ఉంది. ఇంత గంభీరమైన వాఙ్మయం వ్యాఖ్యాత లేక అనాథగా పడి ఉండటం చూసి ఓర్వలేక ఈ సాహసం.

సూత్రం అనిపించుకోవాలంటే అక్షరాలు తక్కువగా ఉండాలి, సందేహానికి తావివ్వకూడదు, సారం ఉండాలి, అన్ని వైపులకూ వర్తించాలి అని పూర్వులు లక్షణం చెప్పారు. మన మూలానికి వీటిలో మొదటిదీ చివరిదీ పుష్కలంగా ఉన్నాయి. మధ్య రెండిటి కోసమే టీక.

గ్రంథారంభాన అనుబంధ చతుష్టయం చెప్పాలి కదా. విషయం: గోడమీది ఫొటో. (అదే విషయమని మూలకర్తకు తెలుసునా అన్న చర్చ ముందు వస్తుంది.) ప్రయోజనం: మూలకర్తకు ముందు వరుస కుర్చీ, ఫొటో తీసినవాడికి మెడకు వ్యాయామం. సంబంధం: ఫొటోకూ సలహాకూ మధ్య ఉండేది. ఉందని ఒప్పుకుని మొదలుపెట్టకపోతే గ్రంథం నడవదు కనుక ఒప్పుకుందాం. ఇక అధికారి. అన్నివైపులా జేబులున్న చొక్కా తొడిగినవాడు, ఎదుటివాడి కెమెరా మోడల్ చూడగానే కళ్లతో నవ్వగలిగినవాడు. పేరు వెనక ఎ.ఎఫ్.ఐ.ఎ.పి., ఎ.ఆర్.పి.ఎస్. వంటి బిరుదాక్షరాలుంటే మరీ శ్రేష్ఠం. ఆ అక్షరాలు ఊరికే రావు, ఏళ్ల తరబడి కష్టపడితేనే వస్తాయి. వాటిని నేను తక్కువ చేయను. వచ్చాక చూడటం మానేస్తారే, నా గొడవల్లా అది.

సందర్భం. బ్యాంకులో పనిచేసే కుర్రాడొకడు రాత్రి బస్సెక్కి జమ్మలమడుగులో దిగి, తెల్లారకముందే గండికోట చేరి, ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న పారే లోయమీద సూర్యోదయం తీశాడు. అది గోడమీద పడింది. కింద కెమెరా పేరు, లెన్సు, షట్టర్ వేగం, అపెర్చర్, ఐ.ఎస్.ఓ. వరుసగా ఉన్నాయి. కావ్యాల్లో ఆశ్వాసాంత గద్య ఇదే, తండ్రి పేరొక్కటే తక్కువ. కుడిమూలన వంకీలు తిరిగిన సంతకం, అంటే వాటర్‌మార్కు. అది శతకానికి మకుటం వంటిది, అర్థంతో నిమిత్తం లేకుండా ప్రతిసారీ వస్తుంది. అంతట మూలకర్త ఇట్లు పలికెను:

మూలం

“బ్రదర్, ఫ్రేమ్ బాగుంది. హొరైజన్ చూసుకోండి. రూల్ ఆఫ్ థర్డ్స్ మర్చిపోకండి. కలర్స్ ఇంకాస్త పాప్ అవ్వాలి. బట్... ఏదో మిస్సయింది. ఎనీవే, కీప్ షూటింగ్.”

టీక

బ్రదర్: సంబోధనము. ఫ్రేమ్: స్పష్టము. సులువైన చోట పేజీలు నింపి, చిక్కైన చోట ‘స్పష్టము’ అని తప్పుకోవడం వ్యాఖ్యాతల వాడుక. మల్లినాథ సూరి ఒక్కడే ఈ వాడుకకు ఎదురు నిలిచాడు. మూలంలో ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ముందే మాట ఇచ్చి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాశాడు. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడు, మనవాడు. ఆ రెండు నియమాలూ ఫొటో సమీక్షలకు పెడితే సమావేశం పావుగంటలో ముగిసి, సమోసాలు చల్లారకముందే చేతికొస్తాయి.

బాగుంది: ఇది ఏ జాతి వాక్యమో తేల్చాలి. మీమాంసకుల లెక్కలో ఒక పని చేయమని చెప్పేది విధి, వద్దనేది నిషేధం, ఊరికే మెచ్చుకునేది అర్థవాదం. అర్థవాదానికి స్వతంత్రంగా విలువ లేదు. పక్కనున్న విధివైపు మనిషిని మొగ్గేలా చేసినప్పుడే దానికి ప్రామాణ్యం. విధి లేకుండా ఒంటరిగా నిలబడ్డ పొగడ్తను ఏం చేయాలో జైమినికి తోచి ఉండదు, ఆయన ఫొటో క్లబ్బులు చూడలేదు. అర్థవాదం మళ్లీ మూడు రకాలు. కంటికి కనబడేదానికి విరుద్ధంగా మెచ్చుకుంటే గుణవాదం: “నేషనల్ జియోగ్రఫిక్ లెవెల్, బ్రదర్!” అందరికీ తెలిసిందే మళ్లీ చెబితే అనువాదం: “సన్‌రైజ్ బాగా ఎర్రగా వచ్చింది.” విరుద్ధమూ కాక, ముందే తెలిసిందీ కాకపోతే భూతార్థవాదం: “ఈ వెలుగు కోసం చీకట్లో కొండ అంచున కూర్చున్నావన్నమాట.” ఈ మూడోదాన్ని నేను సమావేశాల్లో విన్నది బహు తక్కువ. అలా అనాలంటే ఫొటోలో నీడలు ఎంత పొడుగున్నాయో చూడాలి మరి.

హొరైజన్ చూసుకోండి: ఇది విధి. కనుక ఆదరంతో విచారించాలి. సముద్రం మీద క్షితిజరేఖ వంగితే ఎవడికైనా తెలుస్తుంది, ఓడలు జారిపోతున్నట్టుంటుంది. గండికోటలో కనబడేది క్షితిజం కాదు, లోయ అంచు. అది పుట్టుకతోనే వంకర. ఆ అంచును పట్టుకుని సమం చేస్తే నది వాలుతుంది. పోనీ, నది ఒడ్డును నమ్ముదామా? అదీ కుదరదు. మనకు అడ్డంగా ఉన్న ఒడ్డు సమంగా కనబడుతుంది. ఏటవాలుగా దూరం జరిగిపోయే ఒడ్డు మాత్రం కెమెరా ఎంత తిన్నగా ఉన్నా వాలినట్టే ఉంటుంది. అయితే గతేమిటి? నిలకడ నీరు. గట్టున ఒక రాతి కొస, నీటిలో దాని ప్రతిబింబపు కొస ఒకే నిలువు గీతలో ఉన్నాయా అని చూడాలి. అదీ ఫొటో నడిమి భాగంలో చూడాలి. కెమెరాను కిందికి వంచి తీసినప్పుడు అంచుల్లో నిలువు గీతలు ఒరుగుతాయి, అక్కడి సాక్ష్యం చెల్లదు. మన ఫొటోలో అవతలి గట్టున చీలిన బండ ఒకటి ఉంది, దాని కింద నీటిలో దాని నీడా ఉంది. నేను జేబులోని బస్ టికెట్టు మడిచి, దూరం నుంచే ఒంటి కంటితో ఆనించి చూశాను. రెండూ ఒకే నిలువులో ఉన్నాయి.

కనుక హొరైజన్ వంగలేదు. వంగిందని అన్నది కూడా ఎవరూ కాదు సుమా. ‘చూసుకోండి’ అన్నారంతే. పరీక్షించకుండానే పలికి, ఎవరూ తప్పు పట్టలేని తీరులో పలకడం ఈ వాఙ్మయంలో ఒక శైలీ విశేషం. కుర్రాడు మాత్రం ఇంటికెళ్లి, తిన్నగా ఉన్నదాన్ని ఒక డిగ్రీ తిప్పి పాడుచేసుకుంటాడు. నవ్వుతూ రాస్తున్నాను కానీ నాకు నవ్వు రావడం లేదు.

రూల్ ఆఫ్ థర్డ్స్: ఈ స్మృతివాక్యానికి కర్త ఎవరు? అపౌరుషేయమని ముందు వరుస నమ్మకం. కాదు. ఇంగ్లండులో జాన్ థామస్ స్మిత్ అనే చిత్రకారుడు 1797లో గ్రామీణ దృశ్యాల గురించి రాసిన పుస్తకంలో ఈ పేరు పెట్టాడు. ఆయన చెప్పింది పాళ్ల సంగతి. ఆకాశానికి మూడింట రెండు వంతులిస్తే నేలకు ఒక వంతు, లేదా తలకిందులుగా. నీటికి రెండు వంతులైతే గట్టుకు ఒకటి. సరిసగం చేయడం కన్నా ఇది బాగుంటుందని ఆయన మతం. రెండు అడ్డగీతలు, రెండు నిలువుగీతలు గీసి, అవి కలిసే నాలుగు చోట్ల దేవుణ్ణి ప్రతిష్ఠించడం తరవాతివాళ్ల పని. అంటే వ్యాఖ్యాతల పని. మూలం కన్నా వ్యాఖ్య బలిసిపోవడం మనకు కొత్త కాదు. చిత్రకళకు ఆరంగాలని మనం గొప్పగా చెప్పుకునే రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం కామసూత్రాల మూలంలో ఉన్నవి కావు. జయమంగళ వ్యాఖ్య రాసిన యశోధరుడు అరవై నాలుగు కళలు వివరిస్తూ దారిలో చెప్పినవి. అంటే వ్యాఖ్యాతలు మంచి కూడా చేస్తారు. ఇది స్వపక్షం కనుక నొక్కి చెబుతున్నాను.

మర్చిపోకండి: మర్చిపోయే అవకాశం ఎక్కడిది? కెమెరా తెరమీదే ఆ తొమ్మిది గళ్లు వస్తున్నాయి, ఫోనులోనూ వస్తున్నాయి. ఇప్పుడు కావలసిన సలహా ఒకసారి మర్చిపొమ్మని. సూర్యుడు కుడి పై కూడలిలో, చెట్టు ఎడమ కింది కూడలిలో. లంబసింగి అయినా అంతే, అనంతగిరి అయినా అంతే. ఒకరి ఫొటో ఇంకొకరి ఫొటోకు కవల. ఇక్కడ నాకు రాజశేఖరుడు గుర్తొస్తున్నాడు. ఆయన గుర్తొచ్చాక ఊరుకోవడం నావల్ల కాదు.

విశేషాంశము

రాజశేఖరుడు కనౌజి ప్రతీహార రాజు మహేంద్రపాలుడి ఆస్థానంలో ఉన్నవాడు, ఇప్పటికి సుమారు 1100 ఏళ్ల కిందటివాడు. కావ్యమీమాంసను 18 అధికరణాలుగా తలపెట్టాడు. మనకు మిగిలింది మొదటిదొక్కటే, కవిరహస్యం. కవి ఎలా లేవాలి, ఎప్పుడు రాయాలి, గదిలో ఏమేం పెట్టుకోవాలి అనే దాకా రాసిన మనిషి. తన భార్య అవంతిసుందరి అభిప్రాయాలను పేరు పెట్టి ఉదాహరిస్తాడు, అదీ కొన్నిచోట్ల తన మాటకు పక్కనే నిలబెట్టి. శాస్త్రగ్రంథంలో ఇంట్లో వాదన ఇంత మర్యాదగా నమోదైన చోటు ఇంకొకటి నాకు తెలియదు. ఒకరి మాటలు ఇంకొకరు ఎత్తుకోవడం గురించి చర్చ వచ్చినప్పుడు, దాన్ని సమర్థించుకోవడానికి ఎత్తుకున్నవాడు చెప్పుకోగల సాకులన్నీ వరసగా అప్పజెప్పింది ఆవిడే.

ఆ ఎత్తుకోవడం గురించే నేను చెప్పబోయేది. ఒక కవి భావం ఇంకో కవిలో కనబడితే అది ఎన్ని రకాలు? ఆలంకారికుడు ఆనందవర్ధనుడు మూడన్నాడు, రాజశేఖరుడు నాలుగోది చేర్చాడు. అర్థమంతా అదే, మాటలు మాత్రమే వేరైతే ప్రతిబింబకల్పం. అదే వస్తువుకు కాస్త మెరుగు దిద్ది వేరుగా కనబడేట్టు చేస్తే ఆలేఖ్యప్రఖ్యం. వస్తువు వేరే అయినా, అతిపోలిక వల్ల ఒకటే అనిపిస్తే తుల్యదేహితుల్యం. మూలం ఒకటే, అలంకరణ పూర్తిగా వేరైతే పరపురప్రవేశం, అంటే ఒకరి ఒంట్లోకి మరొకరి ప్రాణం దూరినట్టు.

ఈ నాలుగూ పాడేరు దగ్గర వంజంగి కొండమీద ఒక్క పొద్దున్నే దొరుకుతాయి. మబ్బులు లోయనిండా పరుచుకుంటాయి, మధ్యలో కొండకొనలు తేలుతాయి, ట్రైపాడ్లు వరసగా నిలబడతాయి. నిన్న వచ్చినవాడు పెట్టిన చోటే, అదే ఎత్తులో, అదే లెన్సుతో తీస్తే ప్రతిబింబకల్పం. దానికి ఇంటికొచ్చి మబ్బుల్లో నారింజరంగు పోస్తే ఆలేఖ్యప్రఖ్యం. వంజంగి దాకా ఎందుకు దండగని లంబసింగిలోనే ఆగి, ఎక్కడిదో తెలియకుండా అదే తీరున తీస్తే తుల్యదేహి. ఇక నాలుగోవాడు అందరితోబాటే కొండెక్కి, అదే మబ్బును చూస్తూ, అందరూ విశాలంగా తీస్తుంటే టెలీ లెన్సు పెట్టి ఒక్క కొండకొసమీద మబ్బు చీలే చోటే తీస్తాడు. పరపురప్రవేశం. మొదటిదాన్ని వదిలేయాలన్నాడు ఆనందవర్ధనుడు. రెండోది కూడా ఆయనకు నచ్చలేదు. మూడోదాన్ని మాత్రం క్షమించాడు: మనుషులకు మనుషుల పోలిక ఉంటే ఒక మనిషి లేడని అనం కదా.

సమీక్షకుడు ఇవాళ చెప్పవలసిన మొదటి మాట ఇదీ అని నా అభిప్రాయం: నాయనా, నీ ఫొటో ఈ నాలుగింటిలో ఎక్కడుంది? దానికి ముందు వరుసలో జవాబు దొరకదు. ఎందుకంటే అక్కడ ప్రతిబింబకల్పానికే ఎక్కువ మార్కులు. చూసిందే మళ్లీ చూసినప్పుడు కలిగే సుఖం చిన్నది కాదు.

అదే కావ్యమీమాంసలో సమీక్షకుల జాబితా కూడా ఉంది. రాయగలిగే ప్రతిభ కారయిత్రి, గ్రహించగలిగే ప్రతిభ భావయిత్రి. రెండోది ఉన్నవాడు భావకుడు. భావకులు నాలుగు రకాలు. ఏదీ రుచించనివాడు అరోచకి. వీళ్లలో కొందరికి అది స్వభావం. వంగమనే లోహాన్ని వందసార్లు శుద్ధి చేసినా నలుపు వదలనట్టు, వాళ్లు మారరు. కొందరికి జ్ఞానం వల్ల వచ్చిన అరుచి, మంచిది కనబడితే కరుగుతారు. రెండోవాడు సతృణాభ్యవహారి, అన్నంతోబాటు గడ్డి కూడా తినేవాడు. “సూపర్ సార్, ఆసమ్ సార్” అంటూ మధ్య వరుసల్లో ఉంటాడు. పాపం వీడివల్ల చెడు లేదు, కొత్తలో అందరూ ఇంతే అని రాజశేఖరుడే అన్నాడు. మూడోవాడు మత్సరి. ఎదుటి గుణం కనబడుతున్నా నోరు విప్పడు. విప్పితే, “ఇదే స్పాట్‌లో నేను ఫిల్ము రోజుల్లో తీశాను, అప్పుడు ఈ వ్యూ పాయింటు కూడా లేదు” అంటాడు. నాలుగోవాడు తత్త్వాభినివేశి, లోపలికి దిగి చూసేవాడు. వెయ్యిమందిలో ఒకడు. మా హాల్లో కుర్చీలు అరవై.

ఇంకో మాట చెప్పి మూలానికి వస్తాను. కవికి భావకుడు ఏమవుతాడు? యజమాని, మిత్రుడు, మంత్రి, శిష్యుడు, ఆచార్యుడు, ఇవన్నీ అవుతాడట. జాబితాలో శిష్యుడు ఆచార్యుడికన్నా ముందున్నాడు. ఛందస్సు కోసం అలా పడి ఉండొచ్చని నాకు తెలియక కాదు, అయినా ఆ వరస నాకు ఇష్టం. ఫొటో ముందు కాసేపు శిష్యరికం చేయకుండానే ఆచార్యపీఠం ఎక్కినవాణ్ణి ఏమనాలి? గోడమీద ఫొటో పడిన క్షణానికీ “బ్రదర్” అన్న సంబోధనకూ మధ్య ఎడం ఎంతో నేను గమనించాను. కళ్లజోడు సవరించుకోవడానికి చాలినంత.

టీక కొనసాగింపు

కలర్స్ ఇంకాస్త పాప్ అవ్వాలి: ‘పంచ్ ఉండాలి’ అని పాఠాంతరం. విష్ణుధర్మోత్తర పురాణంలో చిత్రసూత్రం అని ఒక భాగం ఉంది. అందులో ఎవరు దేన్ని మెచ్చుతారో చెప్పారు: ఆచార్యులు గీతను, విచక్షణ కలవారు వెలుగునీడల వర్తనను, స్త్రీలు అలంకారాన్ని, తక్కినవాళ్లు రంగుల భోగాన్ని. స్త్రీల మాట ఆ కాలపు పురుషుడి మాట, దాన్ని అక్కడే వదిలేద్దాం. మిగిలినదాన్ని బట్టి చూస్తే, రంగులు పెంచమన్నవాడు తానే ఏ వర్గమో చెప్పేసుకున్నాడు. నేను చెప్పలేదు, పురాణం చెప్పింది.

నిజానికి సూర్యోదయంలో ముందు నిండిపోయేది ఎరుపు. హిస్టోగ్రాములో మూడు రంగుల్నీ విడివిడిగా చూస్తే ఎరుపు గీత అప్పటికే కుడి గోడకు ఆనుకుని ఉంటుంది. ఇంకాస్త జరిపితే రాతిలోని పగుళ్లు, పొరలు మాసిపోయి చదును ఎరుపు ఒక్కటే మిగులుతుంది. గండికోట రాయికి ఉన్న అందమంతా ఆ పొరల్లోనే. ఈ మాట సలహాగా చెప్పడానికి పట్టేది మూడు వాక్యాలు. ‘పాప్’ అనడానికి పట్టేది ఒక్క అక్షరం, అంచేత అది గెలిచింది.

ఫొటోను దిద్దడమే తప్పని నా వాదం కాదు. ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం తీశాడు. పొద్దు జారిపోతోంది, ఎక్స్‌పోజర్ మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి వెలుగు ఎంతో అంకె గుర్తుంటే లెక్కగట్టి ఒక్క నెగటివు తీశాడు. తర్వాత దశాబ్దాల పాటు అదే నెగటివును మళ్లీ మళ్లీ ప్రింటు వేస్తూ ఆకాశాన్ని నలుపు చేస్తూ పోయాడు. తొలి ప్రింట్లలో మబ్బుల జాడ ఉంది, మలి ప్రింట్లలో చంద్రుడి చుట్టూ నల్లటి శూన్యమే. మన లెక్కలో ఇవి పాఠాంతరాలు, ఏది కవి సమ్మతమో తేల్చడానికి పండితులు కొట్టుకోవచ్చు. తేదీ సంగతి మరీ చిత్రం. ఆయన దాన్ని సరిగ్గా రాసుకోలేదు. చివరికి ఖగోళం తెలిసినవాళ్లు ఫొటోలో చంద్రుడున్న చోటును బట్టి గుణించి నవంబరు 1 అని తేల్చారు. పంచాంగకర్త లేకపోతే కావ్యకాల నిర్ణయం జరగదని మనవాళ్లు అంటే నవ్వుతారు గానీ! ఆడమ్స్ తన ఫొటోలో తాను ఏం చూశాడో దానికోసం దిద్దాడు. మన కుర్రాడు ఇంటికెళ్లి మీట జరిపేది ముందు వరుస ఏం చూడాలనుకుంటుందో దానికోసం.

బట్: సముచ్చయమా, వికల్పమా, నిషేధమా? నిషేధమే. ‘బాగుంది’ అన్నది ఇక్కడ రద్దయింది. వివరణ అనవసరం, వినేవాళ్లందరికీ అనుభవం ఉంది.

ఏదో మిస్సయింది: ఇది మహావాక్యం. ‘ఏదో’ అన్న చోట దేన్ని అధ్యాహారం చేసుకోవాలి అన్నది ప్రశ్న. సమోసాల దగ్గర నాలుగు మతాలు విన్నాను. మనిషి మిస్సయ్యాడని ఒకరు. లోయ ఎంత పెద్దదో తెలియాలంటే అంచున గొడుగు పట్టుకుని ఒక మనిషి నిలబడాలట. ఫోర్‌గ్రౌండ్ మిస్సయిందని రెండోవారు. పక్షి అని మూడోవారు, ఆకాశం ఖాళీగా ఉందట. మబ్బు అని నవ్యులు, వాళ్లు ఆకాశాన్నే మార్చేసే సాఫ్ట్‌వేరు పేరు కూడా చెప్పారు. మూలకర్త అభిప్రాయం ఏమిటని అడగబోతే ఆయన అప్పటికి వేరొకరికి లెన్సుల సంగతి చెబుతున్నారు.

ఆ మహావాక్యం నిజంగా పలకవలసిన ఫొటో ఆ సాయంత్రమే ఇంకొకటి పడింది. తేనెపిట్ట గూడు. వేలాడే గూటి ముఖద్వారంలో రెండు పిల్లలు నోళ్లు తెరిచి ఉన్నాయి, తల్లి పిట్ట రెక్కలు గాలిలో. “బ్యాక్‌గ్రౌండ్ ఎంత క్లీన్‌గా ఉందో చూడండి!” అన్నారు మూలకర్త. చప్పట్లు. నేను చూస్తున్నది ఎడమవైపు. అక్కడ ఒక పుల్ల చివర ఏటవాలుగా తెగి తెల్లగా ఉంది. దాని కింద ఇంకొకటి, అదే కోణంలో. గాలికి విరిగిన పుల్ల పీచులు పీచులుగా ఉంటుంది, కత్తెరకు తెగింది మాత్రమే ఇలా ఉంటుంది. గూటికి అడ్డున్న ఆకులన్నీ కత్తిరించేసి తీశాడన్నమాట. ఆకులు పోతే పిల్లలకు నీడ పోతుంది, కాకికి దారి తెలుస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అన్న మాట నిర్వచనంలోనే పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా చేర్చారు. అంచేతే ఇవాళ చాలా పోటీల్లో గూటి ఫొటోలను తీసుకోవడం మానేశారు. లేని వంకర కోసం హొరైజన్‌ను తడిమిన కంటికి ఆ తెల్లటి కొసలు కనబడలేదు. ఆ పిల్లలు ఏమయ్యాయని ఒక్కరూ అడగలేదు. ప్రకృతి ఫొటోకు సలహా అంటే ముందు అడగవలసింది షట్టర్ వేగం కాదు. ఎంత దగ్గరికి వెళ్లావు, ఎంతసేపు ఉన్నావు, తల్లి తిరిగి గూట్లోకి పోయిందా? ఇవీ ప్రశ్నలు. నెల ఉత్తమ చిత్రం అదే అయింది.

గండికోటకు వద్దాం. ఆలంకారికుడు మమ్మటుడు వాక్యదోషాలు చెబుతూ న్యూనపదమనీ అధికపదమనీ రెండిటిని విడదీశాడు. ఉండవలసిన మాట లేకపోతే మొదటిది, ఉండక్కర్లేని మాట ఉంటే రెండోది. ‘ఏదో మిస్సయింది’ అన్నవాడి ఆరోపణ న్యూనపదం. ఫొటోను మళ్లీ చూద్దాం. నది ఎడమనుంచి వచ్చి మలుపు తిరిగి వెలుగులోకి పోతోంది. కన్ను దానివెంట పోవాలి. పోదు. కుడివైపు అడుగున, సంతకానికి పక్కనే, ఎండపడి మెరుస్తున్న ఒక చిన్న తెల్లబండ ఉంది. మొత్తం ఫొటోలో సూర్యుడి తరవాత అంత వెలుగు ఉన్నది ఆ బండకే. కన్ను నదిలో దిగబోయి, బండ దగ్గర జారి, సంతకం చదివి, బయటికి పోతుంది. ఫొటోలో ఏమీ మిస్సవలేదు. ఒక బండ ఎక్కువైంది. దోషం అధికపదం. మందు ఇవ్వడానికి పోయి ఎదురు మందు ఇచ్చారు: ఇంకా ఏదో చేర్చమన్నారు, మనిషినీ పక్షినీ మబ్బునూ.

తాత్పర్యము

ఎనీవే: పాదపూరణము. కీప్ షూటింగ్: ఇది విధివాక్యం కనుక మూడు ఆకాంక్షలుంటాయని మీమాంసకులు. దేన్ని సాధించాలి, దేనితో సాధించాలి, ఎలా సాధించాలి. మొదటిదానికి జవాబు రాలేదు. కుర్రాడు ఆ లోయలో ఏం చూసి ఆగాడో ఎవరూ అడగలేదు కనుక రావడానికి వీల్లేదు. రెండోదానికి మాత్రం వచ్చింది. సమావేశం అయ్యాక కుర్రాణ్ణి పక్కకు పిలిచి, “కిట్ లెన్సుతో ఇంతకన్నా రాదు బ్రదర్” అని ఒక పేరు చెప్పారు. కుర్రాడు ఫోనులో రేటు చూసుకుని, ఈఎంఐలు లెక్కవేస్తూ మెట్లమీద కూర్చున్నాడు. మూడోది ఇతికర్తవ్యత, ‘ఎలా’ అన్నది. నా దగ్గర ఉన్నది అదొక్కటే కనుక వెళ్లి చెప్పాను: మళ్లీ వెళితే అదే లెన్సుతో, అదే చోటినుంచి ఎడమకు రెండడుగులు జరుగు, కెమెరాను కూడా కాస్త ఎడమకు తిప్పు. బండ కుడి అంచు అవతలికి పోతుంది, నది మలుపు ఫ్రేములోనే ఉంటుంది. లేదా పది నిమిషాలు ముందు తీయి, అప్పటికి ఎండ బండమీదికి దిగదు. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. మొదటిదైతే అడుగు వేసేముందు అటు లోయ ఎక్కడ మొదలవుతుందో చూసుకోవాలి.